చెక్ చేసి చెప్త

సౌందర్య మొదటిసారి నా దుకాణానికి వచ్చిన రోజు వానలో తడవనిది ఒక్కటే, ఆమె సీపీయూ. దాన్ని యూరియా సంచిలో పెట్టి, మీద ఇంకో సంచి కప్పి, పైన తన చున్నీ కూడా చుట్టి తెచ్చింది. ఆమె మాత్రం నెత్తి నుంచి కాళ్ల దాకా నీళ్లు కారుతూ నిలబడింది. నిలబడి ఊరుకోలేదు. ఆ మూటను తీసుకొచ్చి నా బల్ల మీద, నేను అప్పుడే విప్పి వరసగా పేర్చుకున్న ల్యాప్‌టాప్ స్క్రూల మధ్యలో ధబీమని పెట్టింది. స్క్రూలు తలో దిక్కుకూ పోయాయి.

"ఏయ్, జర చూస్కోని పెట్టరాదు?" అన్నాను.

"చూస్కోనే పెట్టిన. గీడ ఒక్కటే జాగ ఉన్నది," అంది.

నా పేరు జగన్. మహబూబాబాద్‌లో, అంటే మా నోళ్లలో మానుకోటలో, నాదొక చిన్న కంప్యూటర్ రిపేర్ దుకాణం. ఇద్దరు కస్టమర్లు వస్తే మూడో మనిషి వానలో నిలబడాలి. ఆ రోజు ఒక్కతే వచ్చింది గానీ, దుకాణం నిండిపోయినట్టే అనిపించింది.

ఆమె సంచిలోంచి ఒక డబ్బా తీసింది. లోపల గ్రాఫిక్ కార్డు, కంప్యూటర్లో బొమ్మలు తొందరగా తేలడానికి పెట్టేది. రెండు ఫ్యాన్లది, ఇటుకంత ఉంది.

"గిది పెట్టియ్యి. గంటల బయ్యారం బస్సున్నది, పోవాలె."

సీపీయూ మూత తీసి చూశాను. హైదరాబాద్‌లో ఏదో ఆఫీసు పదేళ్లు వాడి వదిలించుకున్న సన్నటి పెట్టె అది. ఆ కార్డు అందులో పట్టదు. పట్టినా పనిచెయ్యదు. పనిచేసినా ఎక్కువ రోజులు చెయ్యదు.

"కుదరదు," అన్నాను.

"ఎందుకు కుదరదు? స్టేషన్ కాడి దుకాణపాయన నడుస్తదన్నడు. ఏదో వైరు ఉంటదంట, గది పెడితే నడుస్తదంట."

"మరి ఆయనతోనే పెట్టించుకో."

"ఆయన తినొస్తనని పోయి గంటన్నరయింది. లేకుంటే నీ తాన నాకేం పని?"

సరిగ్గా అప్పుడే మా యాడి ఫోన్ చేసింది. యాడి అంటే మా తండా మాటలో అమ్మ. మాది పెద్దవంగర పక్క తండా, ఆమె పేరు జమ్లీ. పొద్దున తిన్నావా లేదా అని అడగడానికి రోజూ మధ్యాహ్నం చేస్తుంది. నేను మా భాషలోనే, కస్టమర్‌కు అర్థం కాదన్న ధైర్యంతో అన్నాను: "తర్వాత చేస్త యాడీ. ఒక తలనొప్పి వచ్చి కూసున్నది."

ఫోన్ పెట్టేశాక, బల్ల అవతలి నుంచి అదే భాషలో జవాబొచ్చింది.

"తలనొప్పి కూసోలే. అప్పటిసంది నిలబడే ఉన్నది. కుర్చీ ఇస్తే కూసుంటది."

నా మొహం ఎలా మారిందో నాకు తెలియదు గానీ, ఆమె మాత్రం నవ్వు ఆపుకోలేక చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చున్నీ ఇంకా విప్పిన సంచికే చుట్టుకుని ఉండడంతో ఖాళీ సంచి కూడా పైకి లేచింది. నేను లేచి నా కుర్చీ ఇచ్చాను. ఆ క్షణం నుంచి మేమిద్దరం మాట్లాడుకున్నదంతా తండా భాషలోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, మీకోసం.

ఆమెది బయ్యారం దగ్గర తండా. సివిల్ డిప్లొమా చేసింది. కట్టబోయే ఇల్లు ఎలా ఉంటుందో ముందే కంప్యూటర్లో గీసి చూపించే త్రీడీ బొమ్మలు వేస్తుంది. పాత మిషన్ మీద ఒక్క బొమ్మ తేలడానికి రోజంతా పడుతోంది. జనగామలో భూపాల్ అనే బిల్డర్, ఇల్లంతా తిరిగి చూసినట్టు వీడియో చేసిస్తే తన పనులన్నీ ఆమెకే ఇస్తానన్నాడు. నెలాఖరు గడువు.

"అందుకే ఈ కార్డు కొన్న. ఇప్పుడు చెప్పు, ఎందుకు కుదరదు?"

పెట్టె లోపల మూలనున్న డబ్బాను చూపించాను. "దీన్ని ఎస్సెంపీయెస్ అంటరు. గోడల కరెంటు తీస్కొని లోపట అందరికి పంచేది ఇదే. స్టిక్కర్ సదువు. ఎంతున్నది?"

"రెండొందల నలభై వాట్లు."

"నీ కార్డు ఒక్కటే నూట డెబ్బై తాగుతది. మిగిలినయన్ని కలిసి ఇంకో నూరు. ఎంతయింది?"

ఆమె మనసులో కూడుకుంది. నాకు చెప్పలేదు. "మరి ఆ వైరు?" అంది.

"ఆ వైరు హార్డ్ డిస్క్‌కు పొయ్యే సన్న లైన్ల నుంచి గుంజి కార్డుకు ఇస్తది. ఆ లైను యాభై వాట్లకే వేడెక్కుతది. దాని మీద నూరు ఎక్కిస్తే ముందు ప్లాస్టిక్ వాసనొస్తది, ఎనుక పొగొస్తది."

"అయితే పెద్ద ఎస్సెంపీయెస్ పెట్టు."

"ఈ కంపెనీవోళ్లు బోర్డుకు వాళ్ల సొంత పిన్నులు పెట్టుకున్నరు. బజార్ల దొరికేది దీనికి కూసోదు. వేరే దాని వైరు తెచ్చి పెడదామంటే, పిన్నులు కూసున్నట్టే కనబడుతయి గని లోపల వరస వేరే ఉంటది. స్విచ్ ఏసినంక బోర్డు మిగలది."

"నీ నోట్ల నడుస్తది అనే మాటే రాదా?"

"చెక్ చేసినంక వస్తది."

ఆమెకు చెప్పని సంగతి మీకు చెబుతాను. నాలుగేళ్ల కింద రఘునాథపల్లిలో బుచ్చన్న అని ఒక ఫొటో స్టూడియో ఆయన ఇలాగే కార్డు తెచ్చాడు. అప్పుడు నాకు దుకాణం కొత్త, నోరు తొందర. నడుస్తదన్నా అని అదే సన్న వైరు పెట్టి పంపాను. పదకొండో రోజు వైరు కరిగి, ఎస్సెంపీయెస్ కాలి, డిస్కు కూడా పోయింది. అందులో నాలుగు పెళ్లిళ్ల వీడియోలున్నాయి. బుచ్చన్న నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అప్పటి నుంచి నేను మీటర్ పెట్టి చూడనిదే ఏ మాటా ఇవ్వను. అన్నం ఉడికిందా అని అడిగినా రెండు మెతుకులు పట్టి చూసి చెబుతాను.

సౌందర్యకు ఒక దారి చెప్పాను. వేరే వైరు అక్కర్లేకుండా, బోర్డు మీద కార్డు దిగే స్లాట్‌లోంచే డెబ్బై అయిదు వాట్లు తీసుకుని నడిచే చిన్న కార్డులుంటాయి. ఈ పెద్ద కార్డు హైదరాబాద్ డీలర్‌కు మార్పిడికిచ్చి అలాంటిది తెప్పిస్తాను. మూడు రోజులు పడుతుంది.

"అన్ని కలిపి నూట ఎనభై దాటది. రెండొందల నలభైల నాలుగోవంతు ఖాళీగ ఉంటది. పాత డబ్బా గదా, నిండ నింపొద్దు."

"మనుషులకు గూడ గట్లనే ఖాళీ పెడతవా?" అని నవ్వి, బస్సు టైమయిందని వానలోకి పరిగెత్తింది.

కార్డు వచ్చాక బోర్డు కాగితాలు వెతికి, ఆ స్లాట్ నిజంగా డెబ్బై అయిదు ఇవ్వగలదా లేదా చూశాను. కొన్ని పాత బోర్డులు అంత ఇవ్వవు. ఇది ఇస్తుంది. కార్డు బిగించి, ఆమె బొమ్మే ఒకటి గంటసేపు తిప్పి, వైర్లు చేత్తో పట్టి చూసి, మీటర్ పెట్టాను. పన్నెండు వోల్టులు రావాల్సిన చోట పదకొండు పాయింట్ తొమ్మిది ఉంది. మంచిదే. సౌందర్య అప్పటికే వచ్చి కుర్చీలో కూర్చుని అదంతా చూస్తోంది.

"పిల్లను చూడవోయినోళ్లు గూడ గింతసేపు చూడరు," అంది.

నేను నవ్వాను. ఇప్పుడైతే ఆ మాట గుర్తొస్తే ఒళ్లు మండుతుంది, నా మీదే.

మర్నాడు పొద్దున్నే ఫోన్. "జగన్, పెట్టె ముట్టుకుంటే జిల్లుమంటున్నది."

"ప్లగ్ గుంజు. ముట్టకు. నేనొస్తున్న," అన్నాను.

బండి మీద బయ్యారం దాటేసరికి టైర్లకు ఎర్ర మన్ను పట్టింది. వాళ్ల తండాలో ఆ ఎరుపు గోడలకూ ఉంటుంది, పిల్లల కాళ్లకూ ఉంటుంది. ఇంట్లో చూస్తే సంగతి తేలిపోయింది. ప్లగ్‌కు మూడు పిన్నులుండాలి. రెండే ఉన్నాయి.

"మూడోది ఏడవోయింది?"

సౌందర్య నాయిన దస్రు ఏ మాత్రం సిగ్గుపడకుండా చెప్పాడు. "సాకెట్ల రెండే బొక్కలుండె పిలగా. ఆ లావుది ఊకె అడ్డమొస్తున్నదని కోసిన."

"నాయినా!" అంది సౌందర్య.

"ఏమైతది? లైటు ఎలుగుతున్నది గదా!"

ఆ లావు పిన్నే ప్రాణం కాపాడేదని, లోపల ఎక్కడైనా కరెంటు పెట్టెకు తగిలితే అది మనిషిలోంచి పోకుండా భూమిలోకి పోయే దారి అదేనని చెప్పాను. దస్రు శ్రద్ధగా విని గడ్డపార తెచ్చాడు. ఇంటి వెనక గుంత తవ్వాం. పైపు నిలబెట్టి, ఒక వరస ఉప్పు, ఒక వరస బొగ్గు వేసి, తీగ లాగి కొత్త మూడు పిన్నుల సాకెట్‌కు కలిపాను. ఆ ముసలాయన తవ్వుడు చూస్తే నాకే సిగ్గేసింది. నేను రెండుసార్లు కూర్చున్నాను, ఆయన ఒక్కసారి కూడా కూర్చోలేదు.

చివర్లో గుంతలో నీళ్లు పొయ్యాలి. సౌందర్య బిందె ఎత్తుకుని వచ్చి పోసింది. సగం గుంతలో, సగం నా కాళ్ల మీద. పొరపాటున కాదు.

"తడి ఆరితే పనిచెయ్యది. రోజు ఒక బిందె పొయ్యాలె," అన్నాను.

"ఎన్ని రోజులు?"

"ఎండకాలమంత."

"అంత పని నాతోని కాదు. నువ్వే వచ్చి పొయ్యి," అంది. అని, బిందె చంకలో పెట్టుకుని నా వంక చూసింది. ఆ చూపు రెండు సెకన్లు కూడా లేదు. నేను అక్కడే పడిపోయాను. ఇంటికొచ్చాక చూసుకుంటే టెస్టర్ వాళ్లింట్లోనే మరిచిపోయాను. అది తెచ్చుకోవడానికి మళ్లీ పోయాను. ఆ రోజు కావాలనే స్క్రూడ్రైవర్ మరిచిపోయాను.

తర్వాతి రెండు నెలలు నా జీవితంలో మంచి నెలలు. భూపాల్‌కు వీడియో నచ్చింది, పని వరసగా వస్తోంది. ఆమె రోజూ సాయంత్రం ఒక బొమ్మ పంపేది, ఎవరిదో ఇల్లు, ఎవరిదో మెట్లు, ఎవరిదో పూజగది. కింద కార్డు వేడి ఎంతుందో రాసేది.

"ఇయ్యాల డెబ్బై రెండు డిగ్రీలు," అని ఒకసారి రాసింది.

"కార్డుకా, నీకా?" అని రాశాను.

"నాకే. దవాఖానకు పోవాల్నా, దుకాణానికి రావాల్నా?"

దుకాణానికే వచ్చింది. మౌస్ కావాలంది. వారం కింద కొన్న మౌస్ సంచిలోనే ఉంది, నాకు కనిపించింది, అయినా ఇంకోటి తీసిచ్చాను.

శ్రావణంలో ఒకరోజు జోరు వాన. కరెంటు పోయింది. ఎదురు హోటల్ నుంచి రెండు చాయ్‌లు తెప్పించాను. ఆమె సగం తాగి గ్లాసు కింద పెట్టింది.

"జగన్, ఒకటి అడుగుత. ఉన్నదున్నట్టు చెప్పాలె. మనది నడుస్తదా?"

నడుస్తది అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. నడవకపోతే ఎలా అన్న భయం కూడా దాని వెనకే వచ్చింది. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"నాలుగు రోజులు ఆగు. చెక్ చేసి చెప్త."

ఆమె పకపకా నవ్వింది. "సరే సారు. మంచిగ చెక్ చేస్కోండ్రి," అంది. నేను తమాషాకన్నాననుకుంది. నేను తమాషాకు అనలేదు.

నన్ను తొలుస్తున్నది ఒక చిన్న మాట. వాళ్ల తండాలోనే ఉండే మాన్‌సింగ్ ఒకసారి ప్రింటర్ రిపేర్‌కిచ్చి, కబుర్లలో, ఆ పిల్లకు అంతకుముందు భూపాలపల్లి సంబంధం ఖాయమై తప్పిపోయిందని చెప్పాడు. ఎందుకు తప్పిందో వాడికి తెలియదు. సౌందర్య ఎప్పుడూ చెప్పలేదు, నేనెప్పుడూ అడగలేదు. ఆమెనే అడగొచ్చు. ఫోన్‌లో నంబరుంది, సాయంత్రానికి బొమ్మ పంపుతుంది, రెండు రోజులకోసారి దుకాణానికి వస్తుంది. అయినా అడగలేదు. మాన్‌సింగ్‌కే ఫోన్ చేసి ఆ పిల్లగాడి పేరు, పని కనుక్కున్నాను. దుకాణం మూసి వరంగల్ పోయి, అక్కడ బస్సు మారి భూపాలపల్లిలో దిగాను.

అతని పేరు హరిలాల్. బొగ్గు గని దగ్గర డంపర్ నడుపుతాడు. ఇంటికే పోయాను. వాళ్ల చిన్నమ్మ తలుపు తీసింది, ఎవరి గురించి వచ్చావని అడిగింది, నేను తెలివితక్కువగా చెప్పేశాను. ఆమె అక్కడే తలుపు పక్కన నిలబడి మొత్తం విన్నది. హరిలాల్ నాకు మంచినీళ్లిచ్చాడు. చేతి గీతల్లో బొగ్గు నలుపు ఇంకా పోలేదు.

"ఆమెల ఏ వంక లేదన్నా," అన్నాడు. "పెండ్లయినంక ఆ కంప్యూటర్ పని ఇడువాలన్న. ఇడువనన్నది. నాకు మొకం మీదనే చెప్పింది, ఈ సంబంధం వద్దని. మావోళ్లు ఊర్ల మేమే వద్దనుకున్నమని చెప్పుకున్నరు. గంతే." ఖాళీ గ్లాసు తీసుకుంటూ అడిగాడు. "గిది ఆమెనే అడిగితే చెప్పకపోవునా?"

బస్సుకు టైమయిందని లేచాను.

తిరుగు బస్సులో నేను సంతోషంగా ఉన్నాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. కిటికీ పక్కన కూర్చుని, టెస్టు పాసైంది అనుకున్నాను. అచ్చంగా ఆ మాటే అనుకున్నాను. అక్కడి నుంచే యాడికి ఫోన్ చేసి, రేపు సంబంధం మాట్లాడుకోవడానికి తయారుగా ఉండమన్నాను. ఎక్కడి నుంచి చేస్తున్నావని అడిగింది. చెప్పాను.

"నువ్వెందుకు పోయినవ్‌రా?" అంది యాడి. "పెద్దమనిషి పోయి అడిగితే సంబంధం కోసం అడిగిన్రంటరు. నువ్వే పోయి, అందులో తప్పిపోయినోళ్ల గడపే తొక్కి అడిగితే ఏమంటరు? నాకు చెప్తే నేను పోయి ఆ పిల్లనే దగ్గర కూసోబెట్టుకొని అడుగుదును గదరా."

"ఏం కాదు యాడీ. అంత మంచిగనే చెప్పిన్రు," అన్నాను.

యాడి ఇప్పుడే రానంటే, మరుసటి రోజు నేనొక్కడినే మిఠాయి డబ్బా బండి హ్యాండిల్‌కు తగిలించుకుని బయ్యారం పోయాను. తండా మొదట్లో నీళ్ల నల్లా దగ్గర ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి ఆపారు. నాకంటే ముందే నా వార్త చేరింది. హరిలాల్ చిన్నమ్మ ఈ తండాలో తన చుట్టానికి ఫోన్ చేసింది, మాన్‌సింగ్ తన వంతు కలిపాడు. పొద్దెక్కేసరికి అది వేరే కథయింది. మానుకోట పిలగాడు భూపాలపల్లి దాకా పోయి ఆరా తీశాడంటే, ఈ పిల్లలో ఏదో ఉండే ఉంటుంది. ఏముందో మాత్రం ఎవరికీ తెలియదు. అందుకే ఎవరికి తోచింది వాళ్లు అనుకున్నారు.

దస్రు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లేవలేదు, కూర్చోమనలేదు. సౌందర్య బయటికి వచ్చింది.

"రండి. ఏం పని మీద వచ్చిండ్రు?" అంది.

తెలుగులో అంది.

నేను మా భాషలో జవాబిచ్చాను. "సౌందర్యా, నీతోని మాట్లాడాలె."

"మాట్లాడుండ్రి," అంది, మళ్లీ తెలుగులోనే. ఏ కస్టమర్‌తోనో, ఏ ఆఫీసు మనిషితోనో మాట్లాడినట్టు. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా ఆమె నాతో తండా భాష మాట్లాడలేదు.

"భూపాలపల్లి పోయిన్రంట గదా. ఏమొచ్చింది రిజల్టు? ఎన్ని వోల్టులున్న నేను?"

"నీ మీద అనుమానంతోని పోలేదు."

"మరి దేంతోని పోయిన్రు?"

"భయంతోని," అన్నాను. నిజమే చెప్పాను. "ఏదన్న నా చేతుల చెడిపోతదంటే నాకు భయం."

"నాకు లేదా భయం? ఆ వానల నేను అడిగిన్నాడు చేతులు వణుకుతుంటే చాయ్ గ్లాసు కింద పెట్టి అడిగిన. మీరు చూడలే." ఆమె గొంతు పెరగలేదు. "మిషిన్‌కు నోరు లేదు, మీటర్ పెట్టాలె. నాకు నోరున్నది. నేను మీ ఎదురుంగనే కూసున్న. ఒక్క మాట అడిగితే ఏమైతుండె? హరిలాల్ సంగతి అయిదు నిమిషాలల్ల చెప్పకపోదునా?"

"తప్పయింది."

"ఇప్పుడు నల్లా కాడ పొద్దటిసంది అడుగుతున్నరు, ఏమైంది బిడ్డా అని. ఏమీ కాలేదంటే నమ్ముతలేరు. మా నాయిన నిన్న రాత్రిసంది సక్కగ తింటలేడు. గది గూడ చెక్ చేస్కోండ్రి."

అప్పుడు చెప్పాను, అన్నీ పోయాక. "నాకు నువ్వంటే ప్రాణం సౌందర్యా. మనది నడుస్తది. నేను చెప్తున్న గదా, నడుస్తది."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి ఒక్క క్షణం ఆశపడ్డాను.

"ఆ దినం గిదే మాట అంటే నేను ఎగిరి గంతేద్దును," అంది. "పోయి అడిగొచ్చినంక అనే మాట నాకెందుకు? రేపు ఇంకెవరన్న ఇంకేదన్న అంటే మల్ల బస్సెక్కుతరు మీరు. నేను ఇంట్ల కూసొని మీరు పాసు చేసిందాక ఎదురుచూడాల్నా?"

నేను జేబులోంచి బండి తాళంచెవి తీశాను.

దస్రు అరుగు మీద నుంచి అన్నాడు, "నువ్వు నాకు నచ్చినవ్ పిలగా." ఇంకేదో అనబోయి, తువ్వాల దులుపుకుని లోపలికి పోయాడు. ఆయన తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

నేను బండి వైపు తిరిగేసరికి ఆమె పిలిచింది. పేరు పెట్టి పిలవలేదు. "ఒక్కటి చెప్పి పోండ్రి. నేను జనగామ పోతున్న, భూపాల్ సార్ ఆఫీసుల కూసొని పని చేస్త. సీపీయూ కార్డుతోనే తీస్కపోవాల్నా, తీసి తీస్కపోవాల్నా?"

"తియ్యాలె. దారిల కుదుపుకు స్లాట్ ఇరుగుతది. నేను తీసిస్త."

"మీరు చెప్పుండ్రి చాలు. నేను తీస్త."

గుమ్మం బయటే నిలబడి చెప్పాను. ఆమె స్విచ్ ఆపి ప్లగ్ లాగింది. లోపల మిగిలిన కరెంటు పోవడానికి పవర్ బటన్ నొక్కి పట్టుకోమన్నాను, పట్టుకుంది. లోపలి ఇనుప రేకును ఒకసారి ముట్టుకోమన్నాను, ముట్టుకుంది. స్క్రూ తీసి, స్లాట్ చివరి కొక్కెం వెనక్కి నొక్కి, కార్డును తిన్నగా పైకి లాగమన్నాను. ఎక్కడా వంకర పోలేదు. నా కంటే బాగా తీసింది. కార్డు వచ్చిన కవర్‌లోనే దాన్ని పెట్టి, "ఇగ పోండ్రి," అంది.

మిఠాయి డబ్బా హ్యాండిల్‌కే ఉండిపోయింది. మా తండాకు తెచ్చి యాడికిస్తే ఆమె తెరవకుండా పక్కింటి పిల్లలకు ఇచ్చేసింది.

అయిదు నెలల తర్వాత జనగామ నుంచి ఫోన్ వచ్చింది. సౌందర్యే. ఆఫీసులో ఆరు పాత కంప్యూటర్లున్నాయట, అన్నిటికీ కార్డులు పెట్టాలట, భూపాల్ సార్ మంచి మనిషిని చూడమన్నాడట. "వస్తరా?" అంది. నేను కొత్త చొక్కా కొనుక్కున్నాను. జనగామ బస్టాండ్‌లో దిగి అద్దంలో జుట్టు దువ్వుకున్నాను కూడా. మనసు ఎంత పిచ్చిదో చూడండి.

ఆమె చిక్కిపోలేదు. బాగుంది. సొంత బల్ల, సొంత కుర్చీ, పక్కన పని నేర్చుకుంటున్న ఇద్దరమ్మాయిలు. "నమస్తే. చాయ్ తాగుతరా?" అని అడిగి, తెప్పించి, తన పనిలో పడిపోయింది. నేను ఒక్కో పెట్టె తెరిచి స్టిక్కర్లు చదివి కాగితం మీద రాసుకుంటూ పోయాను. రెండింటికి ఎస్సెంపీయెస్ మార్చాలి, ఒకదానికి చిన్న కార్డే పెట్టాలి, సాకెట్లకు ఎర్తింగ్ ఉంది. అయిదో పెట్టె దగ్గరున్నప్పుడు భూపాల్ లోపలికి వచ్చాడు. మంచి మనిషే, గొంతు మాత్రం పెద్దది. నేను బల్ల కింద ఉన్నానని కూడా చూసుకోలేదు.

"ఏమ్మా సౌందర్యా, ఆరు మిషిన్లు చేతుల పెడుతున్నం. ఈయన నమ్మకస్తుడేనా? ఆడ మానుకోటల ఎవరినన్న అడిగినవా?"

బల్ల కింద నుంచి ఆమె కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. కీబోర్డు చప్పుడు ఆగింది.

"లేదు సార్," అంది. "ఎవ్వరిని అడగలే. నాకు తెల్సు గదా ఆయన."

అంతే అంది. నన్ను పొడవాలని అనలేదు, నాకు వినబడాలని కూడా అనలేదు. మామూలుగా, ఉన్నమాట చెప్పినట్టు చెప్పి మళ్లీ పని మొదలుపెట్టింది. నేను బల్ల కిందనే ఉండిపోయాను. ఏడుపు ఆగలేదు. చప్పుడు కాకుండా చొక్కా చేతిని నోటికి అడ్డం పెట్టుకున్నాను. కొత్త చొక్కా, ఇంకా గంజి వాసన పోలేదు.

అప్పుడే నన్ను చూసిన భూపాల్, ఆ అయిదో దాని మీద ఎన్ని వాట్లని ఉందని అడిగాడు. స్టిక్కర్ కళ్ల ముందే ఉంది, అంకెలు కనబడడం లేదు. ఒక్క నిమిషం ఆగమన్నాను.